ధర్మనిధియు, దఫ్తరు భాషయు
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములనుండి శ్రమకోర్చి వచ్చిన కులబాంధవులకును, మన సంఘమునకు పోషకులై యున్న దాతలకును మా నమస్కారములు. ఒకనాడు వరంగల్లు అను నొక్క పేరుతో పిలువబడి, 2016 అక్టోబరు 11వ తేదీన వేఱువేఱు జిల్లాలైన యీ మూడు ప్రాంతములవారము, సంవత్సరమున కొకమాఱైన నొక్క పందిరి క్రింద కూడుకొనుట మన భాగ్యము.

ఈ సభలో విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, వృత్తులను గూర్చియు పెద్దలు మాటలాడుదురు. మేము విన్నవింపదలచిన విషయము వానిముందు చిన్నదిగా కనబడవచ్చును. ధర్మకార్యములకు ధనము కూర్చునపుడు మనము వాడు భాష యెట్లుండవలెను అనునదే యా విషయము. కాని దీనిని చిన్నదని త్రోసివేయరాదు. అడుగువాని మాట అర్థము కానిచోట ఇచ్చువాని చేయి వెనుకకు పోవును. లెక్క అర్థము కానిచోట నమ్మకము పోవును. నమ్మకము పోయిన సంఘమునకు ఎంత పెద్ద భవనమున్నను ప్రయోజనము లేదు.

మన నిధికి ధనమిచ్చువా రెవరో మొదట తలచికొందము. భూపాలపల్లి గనులలో దిగి బొగ్గు త్రవ్వు కార్మికుడు తన కూలినుండి కొంత తీసి యిచ్చును. మహబూబాబాదు అంగడికి మిరపబస్తాలు తెచ్చిన రైతు కాంటాచీటి చేతికి వచ్చిననాడు కొంత యిచ్చును. జనగామలో చిన్న దుకాణము నడపు గృహస్థుడు పండుగనాడు కొంత యిచ్చును. హైదరాబాదునందును, సముద్రముల కావలను ఉద్యోగములు చేయు మన బిడ్డలు పెద్ద మొత్తముల నిత్తురు. ఇందఱి ధనమును ఒక్క పెట్టెలోనే చేరును. కాని విజ్ఞాపనపత్రము మాత్రము కడపట చెప్పినవారి కొఱకే వ్రాయబడుచున్నది. తక్కిన మువ్వురును దానిని అటునిటు త్రిప్పిచూచి, పిల్లలచేత చదివించుకొని, “పెద్దలేదో వ్రాసినారు” అని మడిచి గూటిలో పెట్టుచున్నారు.

ఇట్టి పత్రము లెట్లుండునో మచ్చునకు ఒకదానిని కూర్చి చదివెదము. ఇది ఏ యొక్క సంఘమువారిదియు కాదు. అన్నిచోట్ల వినబడుచున్న మాటల నేరి గ్రుచ్చినది.

“మన స్టేక్‌హోల్డర్ల సపోర్టుతో, ఎడ్యుకేషనల్ ఎంపవర్‌మెంటు ఇనీషియేటివు క్రింద, అండర్‌ప్రివిలేజ్డ్ బెనిఫిషియరీలకు రెసిడెన్షియల్ ఫెసిలిటీ ప్రొవైడు చేయు నిమిత్తము కార్పస్ ఫండు మొబిలైజేషను డ్రైవు లాంచి చేయబడినది. డోనర్లు తమ కంట్రిబ్యూషనును టైమ్‌లైను ప్రకారము కమిటు చేయవలసినదిగా రిక్వెస్టు చేయబడుచున్నారు.”

మహాజనులారా! ఇందు ఎందఱు పిల్లలకు, ఏ యూరిలో, ఎంత ధనము, ఎన్నాళ్ళకు కావలెనో యున్నదా? అడుగువా రెవరో యున్నదా? ఆకలిగొన్న పిల్లవాడు ఇందు కనబడడు, ‘బెనిఫిషియరీ’ కనబడును. అన్నము కనబడదు; ‘ఫెసిలిటీ’ కనబడును. చేయి చాచిన మనిషి కనబడడు. ‘రిక్వెస్టు చేయబడుచున్నారు’ అను మాట మాత్రము గాలిలో నిలిచియుండును. పిల్లవాని ముఖము కనబడినపుడు కలుగు జాలి, ‘బెనిఫిషియరీ’ని చూచిన నెవరికి కలుగును?

ఇది ఆంగ్లపదముల దోషమే యని యెవరైన ననవచ్చును. కాదు. ఆ పత్రమునే తెలుగుపదములతో నింపి, “నిధిసమీకరణ ప్రక్రియయందు భాగముగా లబ్ధిదారుల సాధికారత నిమిత్తము కార్యాచరణ ప్రణాళిక రూపొందింపబడి తగు చర్యలు గైకొనబడును” అని వ్రాసినను రోగ మదియే. చర్యలు ఎవరు గైకొందురు? ఎప్పుడు గైకొందురు? ‘గైకొనబడును’ అను క్రియలో కర్త దాగికొని యున్నాడు. దఫ్తరు భాషకు ముఖ్యలక్షణ మిదియే. పనిచేయువానిని కనబడనీయదు గనుక, పని జరుగకున్నను అడుగుట కెవడును దొరకడు. “ధనము వినియోగింపబడినది” అను మాటకును, “ఈ ధనమును మేము వెచ్చించితిమి” అను మాటకును ఎంత భేదమున్నదో లెక్క చెప్పవలసివచ్చిననాడు తెలియును.

పూర్వము అంగళ్ళలో బేరగాండ్రిద్దఱు రుమాలు క్రింద చేతులు పెట్టి, వ్రేళ్ళు పట్టి ధర నిశ్చయించుకొనెడి పద్ధతి యుండెడిది. సరకు రైతుది, దాని ధర మాత్రము రైతు కంటికి కనబడకుండ రుమాలు క్రింద తేలిపోవుచుండెను. ధర న్యాయమైనదే కావచ్చును. అయినను ఆ రుమాలున్నంతకాలము రైతుకు నమ్మిక కలుగదు. ధర్మనిధి విషయమున దఫ్తరు భాషయు నట్టి రుమాలే. ధనము దాతది, ప్రయోజనము పేదవానిది. మాట మాత్రము కార్యవర్గమువారికిని, ధనమిచ్చు కంపెనీవారికిని నడుమ రుమాలు క్రింద నడచుచున్నది. లోపల మోసమేమియు లేకపోవచ్చును. మోసము లేనిచోట రుమా లెందుకని జనము అడిగినపుడు మన మేమని బదులు చెప్పుదుము?

ఈ సంగతి యితరులకంటె మన ప్రాంతమువారికే యెక్కువగా తెలియవలెను. నిజాము రాజ్యమున 1884వ సంవత్సరము వఱకు పారసీకమును, పిదప ఉర్దువును కార్యాలయభాషలుగా నుండెను. పొలము దున్నువాడు తెలుగువాడు. పొలపు కాగితము మాత్రము వానికి తెలియని భాషలోనిది. సేత్వారు, ఫైసల్ పట్టీ, చౌఫస్లా, వసూల్ బాకీ అను పేళ్ళతో కట్టలు కట్టలుగా దస్త్రము లుండెను. తన చెలక తన పేరనున్నదో లేదో తెలిసికొనుటకు రైతు పట్వారి ముఖము చూడవలసివచ్చెను. చదువగలిగినవాడు చెప్పినదే లెక్క. వాడు వ్రాసినదే బాకీ. భాష యర్థముకానిచోట దుబాసి దొరయగును. ఇది మన తాతతండ్రులు అనుభవించి తెలిసికొన్న సత్యము. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొఱగిన నాటికి ఈ సీమలో పేరుకొనియున్న బాధలు పెక్కు. వెట్టి యొకటి, భూమి పోవుట యొకటి; తమ్ము గూర్చిన కాగితమును తాము చదువలేకపోవుటయు వానిలో నొకటి.

1921 నవంబరులో హైదరాబాదునందలి వివేకవర్ధినీ నాటకశాలలో కర్వే పండితుని యధ్యక్షతను సంఘసంస్కార మహాసభ జరిగెను. ఇతర భాషలలోని ఉపన్యాసములను వినిన సభ్యులే, ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడబూనగానే గేలిచేసిరి. ఆ రాత్రియే కొందఱు తెలుగువారు కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. తరువాత మాడపాటి హనుమంతరావుగారు మొదలగు పెద్దలు వెట్టిచాకిరిని గూర్చియు, చేతివృత్తులవారిపై విధింపబడిన మోతుర్ఫా పన్నును గూర్చియు తెలుగున చిన్నచిన్న పొత్తములు వ్రాసి ప్రకటించిరి. ఉత్తరువు ఉర్దువున నున్నంతకాలము అది దఫ్తరువారి సొత్తు. తెలుగున చేతికి వచ్చిననాడు అది సామాన్యుని చేతికఱ్ఱ ఆయెను. అట్టి పెద్దల వెనుక నడచు మనము, ఒకరు బలవంతపెట్టకుండగనే, మన యింటి కాగితములను మనవారికే తెలియని భాషలో వ్రాసికొనుట వింత గాదా?

కులసంఘములు ధర్మకార్యములకు పూనుకొనుట నేటి మాట కాదు. 1918లో రాజబహద్దూరు వేంకటరామారెడ్డిగారి పూనికతో హైదరాబాదున రెడ్డి విద్యార్థి వసతిగృహ మేర్పడెను. ఇతర కులములవారును తమతమ శక్తికొలది యట్టి గృహములను నెలకొల్పిరి. పల్లెటూరి బాలునకు పట్టణమున తల దాచుకొనుటకు చోటును, రెండు పూటల అన్నమును కావలెను. ఆ పనికి ఇంతకంటె వేఱు వ్యాఖ్యాన మక్కఱలేదు. నేటికిని మన వసతిగృహముల పని యదియే. పని మాఱలేదు, మాట యెందుకు మాఱవలెను?

ఇక శాసనముల మాట. మహబూబాబాదు జిల్లాలోని బయ్యారమున కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ చెఱువు త్రవ్వించి, దానికి ధర్మకీర్తిసముద్రమని పేరిడి, శాసనము నిలిపించెను. ఏడు వందల యేండ్లు దాటినను ఆ చెఱువు పొలములకు నీ రిచ్చుచునే యున్నది. మన దేశపు దానశాసనములను చూచినవా రెఱుగుదురు: దాత యెవరు, ఎవరికి, ఏమి యిచ్చిరి, ఎక్కడ నిచ్చిరి, దానికి ఎల్లలేవి, ఎంతకాల మది నడువవలెను అను సంగతులు వానిలో వరుసగా నుండును. ఆ ఱాతిని గుడిముందో చెఱువుగట్టుననో నలుగురు తిరుగుచోట పాతిరే కాని, పెట్టెలో పెట్టి తాళము వేయలేదు. ధర్మకార్యపు కాగితమున కంతకంటె మంచి మాదిరి యెక్కడ దొరకును? ఎవరు, ఎవరికి, ఏమి, ఎక్కడ, ఎంతవఱకు: ఈ అయిదింటికి జవాబున్న పత్రమే దానపత్రము.

జనగామ జిల్లాలోని పాలకురికి సోమనాథుని జన్మభూమి. ఆయన సంస్కృత మెఱుగనివాడు కాడు, మహాపండితుడు. అయినను శివభక్తుల కథలు అందఱికిని తెలియవలెనని జానుతెనుగును, ద్విపదను ఎన్నుకొనెను. ఆ చేరువనే యున్న బమ్మెర పోతనామాత్యుని యూరని ప్రసిద్ధి. ఆయన భాగవతపద్యములను అక్షరము రాని ముదుసళ్ళును కంఠస్థముగా చదువుట మనలో పలువురము విన్నారము. గౌరవము వేఱు, గహనత వేఱు అని తెలిసికొనుటకు మనము దూరదేశములకు పోనక్కఱలేదు. పాలకుర్తి మండలము దాటనక్కఱలేదు. మేమిపుడు మాటలాడు నీ భాషయు సభామర్యాద ననుసరించి కొంత ప్రాతవాసన గలదే. అయినను ఇందు మా యభిప్రాయము దాగియుండరాదని మా ప్రయత్నము. భాష పెద్దదైనను చిన్నదైనను, లోపలి యర్థము వెలికి రావలెను.

ఇతరదేశములవారును ఈ రోగమును గుర్తించినారు. 1948లో ఇంగ్లండునందు ఖజానాశాఖవారి కోరికపై సర్ ఎర్నెస్టు గవర్సు అను పెద్దయుద్యోగి, ఉద్యోగులు తేటగా వ్రాయుట యెట్లో తెలుపుచు ‘ప్లెయిన్ వర్డ్స్’ అను చిన్న పుస్తకము రచించెను. అమెరికా సంయుక్తరాష్ట్రములలో 2010లో, ప్రభుత్వశాఖలు ప్రజల కిచ్చు పత్రములు ప్రజలకు తెలియు భాషలో నుండవలెనని చట్టమే చేసిరి. ఏ భాషనుండి యీ బరువైన పదములను మన మెరువు తెచ్చుకొనుచున్నామో, ఆ భాషవారే వానిని వదలించుకొనుటకు పాటుపడుచున్నారు.

ఇచ్చట నొక యాక్షేపణ వినబడును. “అయ్యా! నేటి కాలమున పెద్ద మొత్తములు కంపెనీలనుండి వచ్చును. వారికి వారి భాషలోనే వ్రాయవలెను గదా!” అని కార్యదర్శులందురు. ఈ మాటలో సత్య మున్నది. 2013వ సంవత్సరపు కంపెనీల చట్టము ప్రకారము, ఏడాదికి 5 కోట్ల రూపాయల నికరలాభము మొదలగు కొలతలలో నేదైనను అందుకొన్న కంపెనీలు, గడచిన 3 ఏండ్ల సగటు లాభములో నూటికి 2 పాళ్ళు సామాజికకార్యములకు వెచ్చింపవలసియున్నది. ఆ ధనమును కోరి దరఖాస్తు పెట్టునపుడు వారి నమూనాలో, వారి మాటలలో పూర్తిచేయుట తప్పు కాదు. చట్టపు కాగితమున చట్టపు మాట యుండవలసినదే. కాని ఆ కాగితమునే ప్రతి తీసి ఊరిలో పంచుట తప్పు. ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలు చెప్పినారు. మొదట మనవారికి తెలియునట్లు తెలుగున వ్రాసికొని, పిమ్మట కంపెనీకి కావలసినట్లు మార్చుకొందము. తెలుగున తేటగా చెప్పలేని పని యున్నచో, ఆ పని యేమో మనకే సరిగా తెలియలేదని గ్రహింపవచ్చును.

పరభాషాపదములనన్నిటిని వెడలగొట్టుమని మేము చెప్పుట లేదు. చందా, రసీదు, జమ, ఖర్చు, బాకీ, వసూలు: ఇవి దఫ్తరులనుండియే వచ్చినవి, నేడు మన యిండ్లలో ఆడువారును పిల్లలును వాడుకొనుచున్నారు. హాస్టలు, ఫీజు, బస్సు, బ్యాంకు అను మాటలును నట్టివే. ‘హాస్టలు’ అన్న తెలియని తల్లి లేదు. ‘రెసిడెన్షియల్ ఫెసిలిటీ’ అన్న తెలియు తల్లి లేదు. కావున మాట యెచ్చటినుండి వచ్చెనని కాక, విన్నవానికి తెలియునా తెలియదా యని మాత్రమే విచారింపవలెను. పన్ను రాయితీ సంగతియు నిట్లే. “ఎయిటీ-జీ ఎగ్జెంప్షను అవైలబుల్” అని వ్రాయుటకు మాఱుగా, “ఆదాయపు పన్ను కట్టువారికి ఈ దానముపై కొన్ని షరతులకు లోబడి తగ్గింపు దొరకవచ్చును, 2,000 రూపాయలకు మించి రొక్కముగా ఇచ్చినచో దొరకదు, కావున పెద్ద మొత్తమును బ్యాంకు ద్వారా పంపుడు” అని వ్రాసిన ఎంత మేలు!

ఇంతవఱకు దాతల మాట చెప్పితిమి. పుచ్చుకొనువారి మాట యింతకంటె ముఖ్యము. భర్తను పోగొట్టుకొన్న యొక యిల్లాలు కూతురి చదువునకై సహాయము కోరి వచ్చినదనుకొనుడు. ఆమె చేతి కిచ్చు దరఖాస్తులో ‘సోషియో ఎకనామిక్ బ్యాక్‌గ్రౌండు’, ‘జస్టిఫికేషను ఫర్ అసిస్టెన్సు’ అను గడులున్నవి. ఆమె యేమి చేయును? చదువుకొన్న యొకని నాశ్రయించును. వాడు మంచివాడైన పూర్తిచేసి పంపును. కాకున్న, “పని నా చేతిలో నున్నది” అనును. అంతటితో సంఘమునకును ఆ యిల్లాలికిని నడుమ నొక మధ్యవర్తి పుట్టును. మన తాతల నాటి పట్వారి మరల మన వాకిటనే నిలుచును. ఆ గడులలో “ఇంటిలో సంపాదించువా రెవరు? ఎంత వచ్చును? అమ్మాయి ఏమి చదువుచున్నది? ఎంత కావలెను?” అని యున్నచో, ఆమెయే చెప్పగలదు, కూతురే వ్రాయగలదు. నిజమైన పేదవాండ్రు గడప దాటలేక నిలిచిపోయి, మాటకారులు సహాయము పొందిపోవుటకు దరఖాస్తు భాషయే కారణమైనచో, ఆ పాపము మనది.

ఇప్పుడు మొదట చదివిన పత్రమునే మఱియొక తీరున చదివెదము. అంకెలు మచ్చునకు మాత్రమే.

“పదవ తరగతి ముగిసి పైచదువు చదువదలచిన మన పల్లెల బాలికలు 40 మందికి పట్టణమున ఉండుటకు చోటు లేదు. ఒక ఇల్లు అద్దెకు తీసికొని, వంటమనిషిని పెట్టి, వారిని అందుంచి చదివింపదలచితిమి. ఒక బాలికకు నెలకు 3,000 రూపాయలు పట్టును. అనగా దినమునకు 100 రూపాయలు. ఒక నెల ఖర్చిచ్చినను, ఒక దినపు ఖర్చిచ్చినను సంతోషముతో పుచ్చుకొందుము. ఇచ్చిననాడే రసీదు ఇత్తుము. ఉగాదికి లెక్కయంతయు మీ యూరికి వచ్చి చదివి వినిపింతుము. మిగిలిన ధన మెంతో, ఎవరియొద్ద నున్నదో కూడ చెప్పుదుము.”

దీనికి నిఘంటు వక్కఱలేదు. భూపాలపల్లి కార్మికుడు దీనిని విని, “ఒక దినము నేను పెట్టగలను” అని లెక్క వేసికొనును. తన నూఱు రూపాయలు ఒక బిడ్డ ఒకదినపు అన్నమని వానికి తెలియును. పెద్ద మాటల ముందు తన నూఱు రూపాయలు చిన్నవని సిగ్గుపడి యూరకున్నవాడే, ఈ మాట విని ముందుకు వచ్చును. ఇట్టి పత్రమువలన మనకొక బాధయు కలదు, అదియును చెప్పవలెను. ఇంత తేటగా వ్రాసిన తరువాత తప్పించుకొనుటకు వీలుండదు. 40 మంది యని వ్రాసి 25 మందిని చేర్చుకొన్నచో, ఊరిలోని పిల్లవాడును లెక్కించి యడుగును. ఉగాది యని వ్రాసి దసరా వఱకు లెక్క చెప్పకున్నచో వాకిట నిలదీయుదురు. ఈ భయము మంచిది. ఈ భయమే సంఘమును నిలుపును.

కావున ఈ మహాసభవారికి మా ప్రార్థన లివి. మొదటిది: విజ్ఞాపనపత్రము నేదైనను అచ్చునకు పంపుటకు ముందు, చదువురాని పెద్దముత్తైదువ కొకతెకు చదివి వినిపించి, ఆమె తిరిగి చెప్పగలిగినపుడే అచ్చువేయవలెను. రెండవది: ప్రతి వాక్యమునను పని యెవరు చేయుదురో తెలియవలెను, ‘చేయబడును’ అను క్రియను మన పత్రములనుండి సెలవిచ్చి పంపవలెను. మూడవది: సహాయము కోరు దరఖాస్తు ఒక్క పుటకు మించరాదు, తెలుగున నుండవలెను, వ్రాయలేనివారు నోట చెప్పినచో కార్యవర్గములోని యొకరు వ్రాసికొని, చదివి వినిపించి, వ్రేలిముద్ర వేయించుకొనవలెను. నాలుగవది: జమాఖర్చులు కార్యాలయపు బీరువాలో కాక, ఊరూర గుడిగోడపైననో, సంఘభవనపు వాకిటనో పెద్దయక్షరములతో అంటింపబడ— కాదు, కార్యదర్శియే స్వయముగా అంటింపవలెను. చూచితిరా, దఫ్తరు క్రియ యెంత సులభముగా నోటికి వచ్చునో! అందుచేతనే ఈ జాగ్రత్త.

బొగ్గుగనిలో పైకప్పు కదలినపుడు తోడివాడు వేయు కేక ఒక్క మాటలో నుండును. ఆ మాట అర్థము కాకున్న ప్రాణమే పోవును. ఒక పిల్లవాని చదువు ఆగిపోవుటయు, ఒక యింట మందులేక రోగి నలిగిపోవుటయు అట్టి యాపదలే. ఆ కేకను మన మందఱకును వినబడునట్లు వేయుదము. నోరు మంచిదైన ఊరు మంచిదగునని సామెత. మన సంఘపు నోరు తేటదైనచో, మన పెట్టె నిండుటయే కాదు, అందులోని ప్రతి రూపాయిని తనదిగా చూచుకొను కన్నులు వేలకొలది యేర్పడును. అంతకు మించిన కావలి ఏ నిధికిని లేదు.

 పరమేశ్వరుడు మన సంఘమును, మనకు చేయూతనిచ్చు దాతలను, మన నీడకు చేరిన పిల్లలను చల్లగా చూచుగాక!